మగ్గం ఆగిన చోట చార

ఒకుమురా వాళ్ళ మగ్గం ఆగిందంటే ఆ సందులో అందరికీ తెలిసిపోతుంది. గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళు. నిషిజిన్ నేతపేటలో ఒకప్పుడు ప్రతి ఇంట్లోనూ మగ్గం ఆడేది. ఇప్పుడు ఆ సందు మొత్తానికి మిగిలింది వీళ్ళదొక్కటే. పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా ఒకే లయలో గడగడలాడే ఆ మరమగ్గం, ఫిబ్రవరిలో ఒక వారమంతా ఉండుండి ఆగిపోవడం మొదలుపెట్టింది. ఆగేది. రెండు మూడు ఊపిర్లు తీసేంతసేపు ఏ చప్పుడూ ఉండేది కాదు. తర్వాత ఎవరూ ముట్టుకోకుండానే మళ్ళీ నడిచేది.

ఆ ఆగిన ప్రతిసారీ, మగ్గం ముందు నిలబడ్డ ఆ ఇంటి ఇల్లాలు ఫుమియె వంగి అప్పుడే నేసిన బట్టని తడిమి చూసేది.

తప్పు మగ్గానిది కాదని ఆమెకి తెలుసు. ఏ పడుగు పోగు పైకి లేవాలో, ఏది కింద ఉండాలో వరసవరసకీ చెప్పేది మూలనున్న పాత కంప్యూటర్. అది చెబితే నాడె అటు నుంచి ఇటు పరిగెడుతుంది. అది చెప్పకుండా నోరు మూసుకుంటే మగ్గం పడుగుని పట్టుకుని అలాగే ఎదురు చూస్తుంది. ఆ కాస్త ఆలస్యంలో పడుగు బిగువు ఎక్కడో వెంట్రుకవాసి సడలుతుంది. తర్వాత పడే పేక పోగు ముందుదానికి అతుక్కోకుండా కొంచెం ఎడంగా కూర్చుంటుంది. అంతే, బట్టకి అడ్డంగా ఒక చార. మామూలు వెలుతురులో కనపడదు. కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుంటే మాత్రం, మొహం మీద గీరుకుపోయిన గీతలా కనిపిస్తుంది.

మొదటి చార పడినప్పుడు ఫుమియె భర్తకి చెప్పలేదు. ఆవిరి పట్టిస్తే పోతుందిలే అనుకుంది. రెండోది పడ్డప్పుడు కూడా అలాగే అనుకోవడానికి ప్రయత్నించింది. మూడోది పడ్డాక ఇక అనుకోలేకపోయింది.

అది కిమోనో మీద కట్టే మామూలు ఓబి అయితే ఇంత గుబులు ఉండేది కాదు. కిసాయె గారు వేదిక మీద కట్టుకోబోయే నడికట్టు అది. ఎనభై దాటిన నాట్య గురువు. ఏప్రిల్లో ఒక్కసారి ఆడి, ఇక వేదిక ఎక్కనని చెప్పేసింది. గాలికి వంగిన రెల్లు, ఆ రెల్లు మీదుగా ఎగిరిపోతున్న అడవి బాతులు. ఆ నమూనా గీసింది ఫుమియె భర్త కాంజి. చివరి బాతుల దగ్గరికి వచ్చేసరికే ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. పని పూర్తయ్యాక ఆస్పత్రికి వెళ్ళాడు. ఆ తర్వాత ఆయన ఇంకేమీ గీయలేదు. మగ్గం దగ్గరకి కూడా ఫుమియె రానివ్వలేదు. ఒకసారి పోగు అతకబోయి పదిపన్నెండు పోగులు తెంపాక, "మీరు కూర్చోండి, నేను చూసుకుంటాను" అంది. అప్పటి నుంచీ ఆయన కూర్చునే ఉన్నాడు. ఆయన చేతిలో మిగిలిన రాజ్యం ఆ కంప్యూటర్ ఒక్కటే. కొన్నదీ, అమర్చిందీ ఆయనే. దాని దుమ్ము దులపాలన్నా ఆయన్ని అడగాల్సిందే.

"మళ్ళీ ఆగింది," అన్నాడాయన ఆ మధ్యాహ్నం, తలుపు దగ్గర నిలబడి. "ఎన్నాళ్ళ నుంచి?"

"మొన్నటి నుంచి."

"మొన్న కాదు. నాకు చెవులు బాగానే ఉన్నాయి."

ఆయన వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఏది నొక్కినా తెర మీది బాణం గుర్తు కదలకుండా నిలబడిపోయేది. నిలబడి, నిలబడి, ఒక్కసారిగా ఎక్కడికో గెంతేది. డిస్క్ దీపం ఆరకుండా వెలుగుతూనే ఉంది.

"డిస్క్‌లో అన్నీ చెల్లాచెదురై ఉంటాయి. సర్దితే సరిపోతుంది," అని సర్దే ప్రోగ్రాం నడిపించాడు.

ఆ రోజంతా అది సర్దుతూనే ఉంది. మర్నాడు కూడా. తెర మీద చిన్నచిన్న రంగు గళ్ళు, వాటిలో ఒక్కో గడీ కదలడానికి ఒక కప్పు టీ చల్లారిపోయేంత సేపు. ఫుమియె వంటింట్లోంచి వచ్చి చూసేది, స్నానానికి వెళ్ళొచ్చి చూసేది. ఆయన చూపు మరల్చకుండా కూర్చునే ఉండేవాడు, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని. చివరికి అది సగంలోనే బిగుసుకుపోయింది. ఆపి మగ్గం నడిపి చూస్తే, ఇదివరకు గంటకి ఒకసారి ఆగేది ఇప్పుడు నాలుగైదు వరసలకే ఆగుతోంది.

"ఇంకొకళ్ళని పిలుద్దామండీ," అంది ఫుమియె.

"ఎవర్ని? ఆ ప్రోగ్రాం రాసిన కంపెనీ మూతపడి ఎన్నేళ్ళయింది? కొత్త కంప్యూటర్‌లో అది ఎక్కదు. ఎక్కించే ఫ్లాపీలు కూడా లేవు. వచ్చినవాడు తీసి పారేయమంటాడు, అంతేగా."

"చినాత్సు అలా అనదు."

"ఊరగాయలు అమ్మే పిల్లా?"

"ఊరగాయలకి ముందు ఏం చేసేదో మీకు తెలుసు."

ఆయన వద్దనలేదు కాబట్టి ఫుమియె చెప్పులు తొడుక్కుంది.

చినాత్సు వాళ్ళది సందు చివర ముల్లంగి ఊరగాయల కొట్టు. తెరమాచి వీధిలో పాత కంప్యూటర్ల దుకాణం మూసేసేదాకా ఆ అమ్మాయి అక్కడ పనిచేసింది; ఇప్పుడు తల్లితో కలిసి జాడీల మీద బరువులు ఎక్కిస్తోంది. ఉప్పునీళ్ళకి చేతులు పగిలి ఎర్రగా ఉన్నాయి. ఫుమియె చెప్పిందంతా విని, "చప్పుడేమన్నా వస్తోందా పిన్నీ? టకటకమని, గీకినట్టు?" అని అడిగింది.

"మగ్గం పక్కన ఇంకో చప్పుడు ఎలా వినిపిస్తుందే?"

"అదీ నిజమే. బాబాయ్ గారు దానికి ఏమైనా చేశారా?"

"రెండు రోజులు సర్దారు."

చినాత్సు మొహంలో నవ్వు పోయింది.

"ఏమయింది?"

"ఏం కాకపోవచ్చు. పదండి చూద్దాం," అని ఆ పిల్ల ఏప్రాన్ విప్పి, తన ల్యాప్‌టాప్, పనిముట్ల సంచీ తీసుకుంది.

మగ్గం ఆపేశాక ఆ గది ఎవరిదో పరాయి ఇంటిలా అనిపించింది. చినాత్సు నేల మీద కూర్చుని కంప్యూటర్ పెట్టెకి చెవి ఆనించింది. కాంజి దూరంగా, కిరసనాయిలు పొయ్యి పక్కన, పరాయి మనిషి తన పిల్లాడి నాడి చూస్తున్నట్టు చూస్తున్నాడు.

"సన్నగా తిరుగుతోంది. కొట్టుకోవడం లేదు," అంది చినాత్సు. "బాబాయ్ గారూ, తిట్టుకోకండి, ఒక మాట. జబ్బేంటో తెలియకుండా సర్దుడు మొదలుపెట్టకూడదు. డిస్కే పోతూ ఉంటే, దాన్ని అటూ ఇటూ పరిగెత్తించి చంపేది ఆ సర్దుడే. ముందు ముఖ్యమైనవి బయటికి తీసుకోవాలి."

"నాకు నేర్పుతున్నావా?"

"నేర్పకపోతే, మరి దీన్నెందుకు పిలిచారని మీరే అడగరూ?"

కాంజి ముక్కుతో ఏదో చప్పుడు చేశాడు. కోపమో నవ్వో ఫుమియెకి తెలియలేదు.

రెల్లు నమూనాని ఒక చిన్న పెన్‌డ్రైవ్‌లోకి తీయడం మొదలుపెట్టారు. మామూలుగా రెప్పపాటులో అయిపోయే పని. తెర మీది గీత మూడొంతులు నిండి ఆగిపోయింది. ముగ్గురూ కదలకుండా చూశారు. ఎగిరే బాతులు నమూనాలో చివర ఉంటాయి కదా, ఆగింది అక్కడేనేమో అనుకుంది ఫుమియె. అవి పోతే ఆ చెయ్యి మళ్ళీ గీయలేదు. కాంజి లేచి వెళ్ళి కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

చాలాసేపటికి గీత నిండింది. చినాత్సు దాన్ని తన కంప్యూటర్‌లో తెరిచి మొదటి నుంచి చివరిదాకా జరిపి చూపించింది. బాతులన్నీ ఉన్నాయి.

ఫుమియెకి గుండె కాస్త కుదుటపడింది గానీ, పూర్తిగా కాదు. నమూనా దక్కింది సరే, దాన్ని మగ్గానికి చదివి చెప్పే ప్రోగ్రాం ఈ డిస్క్‌లోనే ఉంది. ఈ డిస్క్ పోతే ఆ నమూనా గోడకి తగిలించుకునే బొమ్మ మాత్రమే.

"ఇప్పుడు దీని ఒళ్ళు చూద్దాం," అంది చినాత్సు. డిస్క్ తన బాగోగులు తనే లెక్కపెట్టుకుంటుందట. ఆ లెక్కలు చదివే ప్రోగ్రాం ఒకటి తెచ్చుకుంది. తెర మీద బారులు తీరిన అంకెలు. ఆమె వేలు ఒక్కో వరస మీదుగా దిగింది. "పాడైన చోట్లు లేవు. తిరగడం బాగుంది. వేడి బాగుంది." వేలు ఒక చోట ఆగింది. "ఇదేంటి ఇంత?"

"ఏంటది?" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"కేబుల్ మీద దారిలో పాడైపోయిన మాటల లెక్క. డిస్క్ ఒకటి చెబితే, ఇటు వచ్చేసరికి ఇంకోటిగా వినపడింది అన్నమాట. ఇది డిస్క్ తప్పు కాదు పిన్నీ. మధ్యలో వైరుది."

ఆమె తెర మీద ఇంకో కిటికీ తెరిచింది. అక్కడ డిస్క్ ఏ పద్ధతిలో మాట్లాడుతోందో రాసి ఉంది: పీఐఓ అని మూడక్షరాలు.

"ఇదిగో, దొరికింది. మామూలుగా డీఎంఏ అని ఉండాలి. అది పెద్ద రోడ్డు. సరుకు నేరుగా వెళ్ళిపోతుంది. ఇది ప్రతి గింజనీ కంప్యూటరే తన చేత్తో ఏరి మోసుకెళ్ళే దారి. ఎప్పుడూ ఆ మోసే పనిలోనే ఉంటుంది, మగ్గం అడిగితే పలకడానికి తీరికుండదు."

"నేను అలా పెట్టలేదే," అన్నాడు కాంజి.

"మీరు పెట్టలేదు. అదే పెట్టుకుంది. తప్పులు మాటిమాటికీ వస్తే భయపడి ఒక మెట్టు దిగుతుంది. మళ్ళీ వస్తే ఇంకో మెట్టు. చివరికి ఇక్కడికి చేరుతుంది. కష్టం ఏంటంటే, తర్వాత అంతా బాగైనా తనంతట తను పైకి ఎక్కదు. ఎవరో ఒకరు ఎక్కించాలి."

కాంజి ఆ మూడక్షరాల వంక చాలాసేపు చూశాడు. "అయితే ఎక్కించు."

"ముందు వైరు మార్చాలి. మార్చాలంటే దీన్ని ఆపాలి."

ఫుమియె అడిగింది: "ఆపితే?"

చినాత్సు ఎదురు అడిగింది: "ఎప్పుడు ఆపారు చివరిసారి?"

ఎవరికీ గుర్తు లేదు. పొద్దున్నే వేసి రాత్రి ఆపే అలవాటు ఎప్పుడో పోయింది. మళ్ళీ లేవకపోతే అన్న భయంతోనే కాంజి దాన్ని ఏళ్ళ తరబడి నడుస్తూనే ఉంచాడు.

"ఇంత పాత డిస్కులు కొన్ని తిరిగినన్నాళ్ళూ తిరుగుతాయి పిన్నీ. ఆగి చల్లారాక మళ్ళీ లేవవు. ఇది అలాంటిదని కాదు. కాదని కూడా చెప్పలేను."

"ఆపకపోతే?"

"ఇలాగే ఆగుతూ ఆగుతూ నడుస్తుంది. వైరు ఇంకా పాడైతే, రాసేటప్పుడు కూడా తప్పులు రాస్తుంది. అప్పుడు ప్రోగ్రామే చెడిపోతుంది."

ఫుమియె మగ్గం వైపు చూసింది. సగం నేసిన నడికట్టు బట్ట చుట్టే దూలానికి చుట్టుకుని ఉంది. ఇలాగే చారలతో నేసేయొచ్చు. కట్టేటప్పుడు లోపలికి పోయే భాగంలో ఎన్ని చారలున్నా ఎవరికీ తెలియదు. కానీ ఇప్పుడు నేస్తున్నది వీపు మీద పరుచుకునే భాగం. లేదా ఆపొచ్చు. ఆపితే, సగం నేసిన రెల్లు అలాగే ఉండిపోవచ్చు, పైన ఒక్క బాతు కూడా లేకుండా. ఏది ఎంచుకున్నా పశ్చాత్తాపపడాల్సింది తనే అనిపించింది. ఆయన వైపు తిరిగింది.

"మీరు చెప్పండి."

"నన్నెందుకు అడుగుతావు? అన్నీ నువ్వే చూసుకుంటున్నావుగా."

ఆ మాట ఎత్తిపొడుపే. కానీ గొంతులో పదును లేదు. ఆయన దగ్గరికి వచ్చి, పెట్టె మీద అరచెయ్యి వేసి కాసేపు ఉంచాడు. "ఆపేద్దాం," అన్నాడు.

ఆపగానే ఆ సన్నని తిరుగుడు సాగి సాగి అణిగిపోయింది. చినాత్సు మూత తీసింది. లోపల పట్టు నూగు. ఏళ్ళ తరబడి గాల్లో తేలిన నూగంతా బూడిదరంగు పిల్లి ఒకటి ముడుచుకుని పడుకున్నట్టు పేరుకుపోయింది. దాన్ని బ్రష్‌తో తీసి తట్టలో వేసింది. చదునైన కేబుల్ ఒకటి పెట్టె అంచుకి ఒరుసుకుంటూ ఉంది; మగ్గం అదురుకి అదురుతూ అదురుతూ అంచు దగ్గర దాని పైపొర అరిగి, లోపలి రాగి సన్నగా మెరుస్తోంది.

"చూశారా," అంది. కాంజి వంగి చూశాడు. "మగ్గమే తినేసింది దీన్ని," అన్నాడు నెమ్మదిగా.

పాత దుకాణం సరుకులోంచి తెచ్చిన కేబుల్ వేసి, మగ్గం అదురు తగలకుండా పెట్టె కింద మడతపెట్టిన దుప్పటి పెట్టి, చినాత్సు మీట నొక్కింది.

పంకా తిరిగింది. తెర వెలిగింది. నల్ల తెర మీద తెల్లటి గీత ఒకటి కొట్టుకుంటూ నిలబడింది. తర్వాత, డిస్క్ కనపడలేదు అన్న ఒక్క వాక్యం వచ్చింది.

చినాత్సు ఆపింది, మళ్ళీ వేసింది. అదే వాక్యం. ఆమె పగిలిన వేళ్ళు ఏప్రాన్ లేని ఒడిలో తుడుచుకుంటున్నాయి. "నేను..." అని ఆగిపోయింది. ఆ పిల్ల భయపడటం ఫుమియె ఎప్పుడూ చూడలేదు. తనే నేల మీద కూర్చుని డిస్క్ మీద వేళ్ళు ఆనించింది. అదురుతున్న వస్తువులతో బతికిన చెయ్యి.

"తిరగడం లేదు ఇది," అంది.

"పోయిందా?" అన్నాడు కాంజి.

"ఆగండి, అసలు కదలడమే లేదంటే..." చినాత్సు వంగి, డిస్క్ వెనక నాలుగు తీగల కరెంటు ప్లగ్ పట్టుకుని ఊపింది. అది వదులుగా ఊగింది. పాత కేబుల్ లాగేటప్పుడు దానితో పాటు ఇదీ సగం బయటికి వచ్చింది. "నా బుద్ధి గడ్డి తిన్నది," అని దాన్ని లోపలికి నొక్కి, మీట వేసింది.

ఫుమియె వేళ్ళ కింద ముందు ఒక చిన్న కుదుపు. తర్వాత సన్నని అదురు, పెరిగి పెరిగి స్థిరపడింది. ఆమె వేళ్ళు తీయలేదు. తెర మీద అన్నీ వచ్చాయి, ఇదివరకటిలాగే నత్తనడకన. చినాత్సు ఆ పీఐఓ అని రాసి ఉన్న దాన్నే కంప్యూటర్ పరికరాల జాబితాలోంచి తీసేసింది. "ఇది పోయిందనుకుని, మళ్ళీ వేసినప్పుడు కొత్తగా వెతుక్కుంటుంది," అంది. అంటే ఇంకోసారి ఆపాలి. ఇంకోసారి లేవాలి.

ఆ రెండోసారి ఫుమియె చూడలేకపోయింది. వంటింట్లోకి వెళ్ళి, టీ పెట్టే వంకతో కెటిల్ పట్టుకుని నిలబడింది. స్టవ్ వెలిగించడం మర్చిపోయింది. లోపల నుంచి చినాత్సు గొంతు వినపడింది: "పిన్నీ, డీఎంఏ." ఆ తర్వాత భర్త గొంతు: "అబ్బో, ఎంత చురుగ్గా వచ్చిందో చూడు. కుర్రాడైపోయాడు."

మగ్గం ఆ సాయంత్రం ఆగకుండా నడిచింది. ఒక జానెడు నేశాక ఆమె దాన్ని తనే ఆపేసింది. పాత చారలు అలాగే ఉన్నాయి కదా.

మర్నాడు కిసాయె గారింటికి వెళ్ళింది. ఆవిడ పట్టుచాప మీద నిటారుగా కూర్చుని అంతా వింది.

"చార ఎక్కడ పడింది?"

"రెల్లు మొదళ్ళ దగ్గర. కట్టుకుంటే వీపు మీదికి వస్తుందండి."

"ఈ ఆటలో నేను ఎక్కువసేపు చూపించేది వీపే." ఆవిడే మళ్ళీ అడిగింది: "చెప్పకుండా తెచ్చిస్తే నాకు తెలిసేదా?"

"తెలిసేది కాదేమోనండి. వెలుతురు పక్క నుంచి పడితే తప్ప."

"వేదిక మీద వెలుతురు పక్క నుంచే పడుతుందమ్మా. విప్పి నేస్తే ఎన్నాళ్ళు?"

"చెప్పలేను. విప్పుతుంటే పోగు తెగితే..."

"గీసింది మీ ఆయనే కదా. ఆగుతాను. అందకపోతే పాతది కట్టుకుంటాను. నువ్వు మాత్రం తొందరపడి చెడగొట్టుకోకు."

నేసినదాన్ని విప్పడం నేయడం కన్నా కష్టం. మూరెడు బట్ట, ఒక్కో పేక పోగూ నేసిన వరసకి తిరగేసి బయటికి లాగాలి. లాగేవాళ్ళు మగ్గం దగ్గర ఉండాలి. వరసని ఒక్కొక్కటిగా వెనక్కి జరిపేవాళ్ళు కంప్యూటర్ దగ్గర ఉండాలి. చినాత్సుకి కొట్టులో పని ఉంది. ఫుమియె ఒక పూటంతా ఒక్కతే అటూ ఇటూ తిరిగి చేసింది. నడుము పట్టేసింది.

"నేను నొక్కుతాను," అన్నాడు కాంజి.

ఆ చెయ్యి రెండుసార్లు నొక్కితే వరస తప్పుతుంది. తప్పినట్టు తెలియకుండా పోగు లాగితే పడుగు తెగుతుంది. అయినా ఆమె కుర్చీ అటు జరిపింది. "సరే, కూర్చోండి," అంది.

"వెనక్కి ఒకటి," అనేవాడాయన. మీట చప్పుడయ్యేది. పడుగు లేచేది. ఆమె పోగు లాగేది. మొదటి పూటలోనే ఆయన వేలు రెండుసార్లు పడింది. ఆమె లాగబోయి, పోగు బిగుసుకోవడం తెలిసి చెయ్యి ఆపింది. "ముందుకి ఒకటి," అంది. "ముందుకి ఒకటి," అన్నాడాయన. తర్వాత నుంచి ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని నొక్కాడు. అయినా ఇంకా చాలాసార్లు తప్పింది. ప్రతి మీట చప్పుడుకీ ఫుమియె భుజాలు బిగుసుకునేవి. విప్పినన్ని రోజులూ అలాగే బిగుసుకున్నాయి. మూడు పడుగు పోగులు తెగాయి. వాటిని అతకడానికి ఒక పూట పట్టింది.

మళ్ళీ నేసిన నడికట్టు రిహార్సల్ ముందురోజు కిసాయె గారికి చేరింది. ఈలోగా చినాత్సు ఇంకో పాత డిస్క్ వెతికి తెచ్చి, మొదటిదానికి అచ్చుగుద్దినట్టు నకలు తీసి పక్కన పెట్టింది. ఒకరోజు దాన్నే బిగించి మగ్గం నడిపి చూశారు కూడా. నడిచింది. దానికి బదులు ఏం కావాలని ఫుమియె అడిగితే, "బాబాయ్ గారు సర్దుడు మానేస్తే చాలు," అంది ఆ పిల్ల.

ఏప్రిల్లో నాట్యశాలలో వాళ్ళకి వెనక వరసలో సీట్లు దొరికాయి. కిసాయె గారు ముసలి అడుగులతో వచ్చి, మెల్లగా వెనుదిరిగి నిలబడింది. పక్క నుంచి వెలుతురు పడింది. ఫుమియె చేతులు ఒడిలో ఒకదాన్నొకటి నలుపుకుంటూ ఆ వీపు మీద పైనుంచి కిందికి, కిందనుంచి పైకి వెతికింది. రెల్లు మొదళ్ళ దగ్గర చూసింది. మళ్ళీ చూసింది. ఆవిడ ఇటు తిరిగేదాకా చూస్తూనే ఉంది. ఆట గురించి ఎవరైనా అడిగితే ఆ తర్వాత ఆమె ఏమీ చెప్పలేకపోయేది.

"ఏమైనా కనిపించిందా?" అని చెవిలో అడిగాడు కాంజి.

"లేదు."

"నాకైతే బాతులే కనపడలేదు. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను," అన్నాడాయన.